ఎడమ పక్క గోడ లేని సముద్రం

ఆ రోజుల్లో నాకు రాని పనంటూ ఉండేది కాదు. అన్నీ వచ్చని కాదండోయ్, ఎవరైనా "వచ్చా?" అని అడగడం ఆలస్యం, "వచ్చండి" అనే మాట నా నోట్లోంచి ఊడిపడేది. నిజంగా వచ్చో రాదో తర్వాత తీరిగ్గా చూసుకునేదాన్ని. టైపింగ్ వచ్చా అంటే వచ్చండి, హిందీ వచ్చా అంటే వచ్చండి (హిందీలో నాకు అంకెలు పదిదాకా వచ్చు, అందులోనూ ఏడు దగ్గర తడబడేదాన్ని). ఎమ్మెస్సీ జువాలజీ పాసై, తిరువూరులో రెండేళ్ళు ఖాళీగా కూర్చుని, కనపడ్డ ప్రతి అప్లికేషనూ నింపుతున్న పిల్లకి ఇంకో జవాబు ఎక్కడినుంచి వస్తుంది చెప్పండి! ఆ అలవాటే చివరికి నన్ను తీసుకెళ్ళి అండమాన్ సముద్రంలో పడేసింది.

అక్కడ ఒక దీవి చుట్టూ ఉన్న పగడపు దిబ్బల్ని సర్వే చేసే ప్రాజెక్టు అది. ఇంటర్వ్యూ ఫోనులో జరిగింది. ప్రాజెక్టు మేడం ఇంగ్లీషులో "ఈత వచ్చా?" అని అడిగారు. నేను గట్టిగా తల ఊపాను. ఫోనులో తల కనపడదని కాసేపటికి గుర్తొచ్చి "ఎస్ మేడం" అన్నాను. "బాగా వచ్చా?" అన్నారావిడ. "చిన్నప్పటినుంచీ ఈదుతున్నాను మేడం" అన్నాను. "మంచిది. నీళ్ళ అడుగున ఊపిరి పీల్చుకుంటూ తిరగడం, అదే స్కూబా డైవింగు, అది మేం నేర్పిస్తాం. పది రోజుల్లో పరీక్ష పాసై సర్టిఫికెట్టు తెచ్చుకోవాలి. తెచ్చుకోకపోతే లిస్టులో నీ తర్వాతివాళ్ళని పిలుస్తాం" అన్నారు. ఈ చివరి వాక్యం నేను ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మా నాన్న లెక్కల మాస్టారు, ఆయన లెక్క ఆయనకుంది. "ఇదొక్కటీ చూద్దాం. ఇదీ కాకపోతే నోరుమూసుకుని బి.ఇడి.లో చేరాలి, సరేనా?" అన్నారు. సరే అన్నాను. టీచరు ఉద్యోగం మీద నాకు కోపమేమీ లేదు, పుస్తకంలో బొమ్మలుగా చూసిన పగడాల్ని ఒక్కసారైనా కళ్ళతో చూడకుండా వాటి గురించి పిల్లలకి చెప్పాలంటే మాత్రం మనసొప్పలేదు.

ఇక్కడ నా ఈత ఎలాంటిదో చెప్పాలి. మా బాబాయి రెడ్డిగూడెం రోడ్డులో ఒక మామిడి తోటలో ట్రాక్టరు డ్రైవరు. ఆ తోటలో రాతి కట్టుడు గుండ్రటి నుయ్యి ఉండేది. వేసవి సెలవుల్లో బాబాయి నా వీపుకి అయిదు లీటర్ల ఖాళీ నూనె క్యాను కట్టి అందులోకి తోసేవాడు. పైన గట్టు మీద నిలబడి పాఠం చెప్పేవాడు. "ఎడమ చెయ్యి గోడ పక్కనే ఉండాల చిట్టీ! అలిసిపోయావా, రాయి పట్టుకో. తల నీళ్ళలోకి పోయిందా, ఊపిరి బిగబట్టు. లోపల ఊపిరి తీసుకున్నావంటే వీపు చిట్లుద్ది, చెప్తున్నా!" అని కేకలేసేవాడు. రెండు వేసవులు గడిచేసరికి క్యాను లేకుండా నూతి చుట్టూ గోడవారగా ఎన్ని చుట్లయినా తిరిగేదాన్ని. అదీ నా ఈత. నేను జన్మలో ఎప్పుడూ తిన్నగా ఈదలేదన్న సంగతి నాకే తెలియదు, నూతిలో తిన్నగా ఈదితే మూడు బారలకే అవతలి రాయికి ముక్కు తగులుతుంది కాబట్టి ఎవరూ ఆ ప్రయత్నం చేయరు.

ఉద్యోగం వచ్చిందనగానే మా అమ్మ ముందు ఏడ్చింది, తర్వాత వివరాలు అడిగింది. "గాలి సిలిండరు వీపుకి కట్టుకుని లోపలికి దిగుతామమ్మా" అని చెప్పాను. "గ్యాసు బండ కట్టుకుని సముద్రంలో దూకటమేంటే! మతి ఉండే మాట్లాడుతున్నావా?" అని మళ్ళీ ఏడుపు అందుకుంది. ఆదివారం చర్చిలో పాస్టరు గారు నన్ను ముందుకి పిలిచి, నా తల మీద చెయ్యి పెట్టి, సముద్రములో పనిచేయబోవు ఈ బిడ్డను కాపాడుమని గంభీరంగా ప్రార్థన చేశారు. సంఘమంతా ఒక్క గొంతుతో ఆమేన్ అంది. ప్రార్థన కూటం ఆంటీలు బస్టాండు దాకా వచ్చారు. బాబాయి కిటికీ దగ్గరకి వచ్చి మామిడి తాండ్ర పొట్లం చేతిలో పెట్టాడు. "ఊపిరి మాత్రం ఒదలమాకు చిట్టీ, మిగతాదంతా మామూలు ఈతే" అన్నాడు. విజయవాడ బస్సు కదిలింది. ఇంతమంది చేత ఇంత ఘనంగా సాగనంపించుకుని, పదకొండో రోజున అదే బస్టాండులో దిగితే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి అని కొండపల్లి దాకా అదే ఆలోచన.

దీవిలో మాకు డైవింగు నేర్పే మాస్టారుకి యాభై ఏళ్ళుంటాయి. ఎండకి ఎండి, ఉప్పుకి ఊరి, ఎండుచేపలా ఉండేవారు. వాళ్ళ తాతలు ఎప్పుడో సిక్కోలు నుంచి వెళ్ళి అక్కడ స్థిరపడ్డారట. నేను తెలుగు పిల్లనని తెలియగానే ఆయన మొహం చాటంత అయింది. "మనోళ్ళే! ఈతొచ్చా అమ్మీ?" అన్నారు. ఏమన్నానో మీకు తెలుసు. నాతోపాటు బెంగుళూరు నుంచి వచ్చిన భార్యాభర్తలిద్దరు నేర్చుకుంటున్నారు. వాళ్ళు సరదాకి నేర్చుకుంటున్నారు, నేను ఉద్యోగానికి. అందుకేనేమో వాళ్ళు ఎప్పుడూ నవ్వుతూనే ఉండేవారు.

రెండో రోజున ఈత పరీక్ష. దూరంగా నీళ్ళ మీద ఎర్రటి డబ్బా ఒకటి తేలుతోంది. పడవ నుంచి అక్కడికి వంద మీటర్లు, మళ్ళీ వెనక్కి వంద, మధ్యలో ఏమీ పట్టుకోకూడదు. బెంగుళూరు దంపతులు చేపపిల్లల్లా వెళ్ళి వచ్చేశారు. నేను దేవుణ్ణి తలుచుకుని దూకాను. కళ్ళు గట్టిగా మూసుకుని బారలు వేశాను. వేశాను, వేశాను, చేతులు పీక్కుపోయేదాకా వేసి కళ్ళు తెరిస్తే ఎదురుగా పడవ! ఆహా, ఎంత త్వరగా వెళ్ళొచ్చేశాను అని సంతోషంతో పడవ అంచు పట్టుకుని "అయిపోయిందా సార్?" అని అడిగాను. ఆ భర్త భార్య భుజంలో మొహం దాచుకున్నాడు. మాస్టారు మాత్రం తల గోక్కుంటూ కిందకి వంగారు. "ఏటమ్మీ, ఆ డబ్బా కాడికెల్లమంటే పడవ సుట్టూ పెదచ్చిణం సేత్తన్నావేటి?" అన్నారు. "ఈ మాట మా అమ్మకి మాత్రం చెప్పకండి సార్, మేం చర్చివాళ్ళం" అన్నాను.

ఇంకో రెండుసార్లు దూకించారు. రెండుసార్లూ కుడివైపుకి వంపు తిరిగి పడవ దగ్గరికే వచ్చి తేలాను. ఎడమ పక్క గోడ లేకపోయేసరికి నా ఒంటికి ఎటు వెళ్ళాలో తెలియడం లేదు. "ఎక్కడ నేర్సినావమ్మీ ఈత?" అని అడిగారు మాస్టారు. "నూతిలో అండి." "సముద్రం ఎప్పుడైనా సూసినావా?" "బందరులో ఒకసారండి. మోకాళ్ళ దాకా." నూతిలో కప్ప అన్న సామెతకి ఋజువుగా నీళ్ళోడుతూ నిలబడ్డాను. ఇక తిడతారనుకున్నాను. ఆయన పడవ చెక్క మీద కూలబడి, కడుపు పట్టుకుని, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వి, ఆ తర్వాత భుజం మీదున్న తువ్వాలు తీసి నా చేతికిచ్చారు. "తల తుడుసుకో. ఈత సంగతి ఆకర్న సూద్దుము. ముందు ఊపిరి సంగతి సూడాల" అన్నారు.

ఊపిరి సంగతి ఈత కంటే ఘోరం. డైవింగులో మొదటి నియమం, రెండో నియమం, పదో నియమం అన్నీ ఒకటే, నీళ్ళ అడుగున ఊపిరి ఆపకూడదు. నోట్లో పెట్టుకున్న గొట్టంలోంచి పీలుస్తూ, వదులుతూ ఉండాలి. బిగబట్టుకుని పైకి లేస్తే ఊపిరితిత్తుల్లో గాలి ఉబ్బి ప్రాణం మీదకి వస్తుంది. ఇదంతా మాస్టారు వివరంగా చెప్పారు, నేను బుద్ధిగా నోట్సు రాసుకున్నాను. నడుం లోతు నీళ్ళలో మోకాళ్ళ మీద కూర్చుని తల ముంచగానే మాత్రం లోపలినుంచి మా బాబాయి గట్టు మీద కేకలేసేవాడు. టక్కున ఊపిరి బిగిసిపోయేది. మాస్టారు నా నెత్తి మీద నీళ్ళు చూసేవారు, బుడగలు రావు. చెయ్యి పట్టి పైకి లాగేవారు. "బుడగలేవమ్మీ?" అంటే "మర్చిపోయాను సార్" అనేదాన్ని. ఊపిరి తీసుకోవడం మర్చిపోయే మనిషిని ఆయన తన సర్వీసులో ఎప్పుడూ చూడలేదట.

మూడో రోజు, నాలుగో రోజు, అయిదో రోజు అదే తంతు. బెంగుళూరు దంపతులు లోతుకి వెళ్ళి తాబేలుని చూశాం, చిలక చేపల్ని చూశాం అని వచ్చి చెప్పేవారు. నేను నడుం లోతు ఇసుకలో ఒక పీతని చూసేదాన్ని. రోజూ అదే పీత. మొదట్లో నన్ను చూసి పారిపోయేది, అయిదో రోజుకి అలవాటుపడి పక్కనే తన పని తను చేసుకునేది. "ఎంత లోతు దిగావే?" అని అమ్మ ఫోనులో అడిగితే "చాలా లోతమ్మా" అన్నాను. ఆరో రోజు సాయంత్రం ఒడ్డున కూర్చుని నిజంగానే ఏడ్చాను. ఈత వచ్చని అబద్ధమాడిన సిగ్గు, సంఘం ముందు పోబోయే పరువు, వీటన్నిటికంటే ఎక్కువగా అక్కడ నాలుగు బారల అవతల నీళ్ళ కింద పగడాలున్నాయి, నేను చూడకుండానే వెళ్ళిపోతానేమోనన్న దిగులు. ఇన్నేళ్ళు చదివింది ఎందుకు మరి, పీత కోసమా?

ఏడో రోజు ఆదివారం. వాడిన సామానంతా మంచినీళ్ళ తొట్టిలో కడగడం మా వంతు పని. గొట్టాలు కడుగుతూ, ఆదివారం కదా అని అలవాటుగా చర్చి పాట ఒకటి పాడుకుంటున్నాను. మాస్టారు వెనక నుంచి వచ్చి ఎంతసేపు నిలబడ్డారో తెలియదు. "ఇది మొత్తం ఎంతసేపు పాడతావు?" అన్నారు. "మూడు చరణాలండి, పల్లవి నాలుగుసార్లు." "మరి ఊపిరెక్కడ తీసుకుంటావు?" "లైను చివర. లైను మధ్యలో తీసుకుంటే మా చర్చిలో పాటలు నేర్పే క్వయిర్ అక్క చూపుతోనే చంపేస్తుందండి." మాస్టారు చేతిలో బకెట్టు కింద పెట్టేశారు. "ఓలమ్మ! పాడినంత సేపూ ఊపిరి ఒదులుతున్నట్టే గదేటి. లే, లే, నీళ్ళలో కూకుని పాడు" అన్నారు.

గొట్టం నోట్లో పెట్టుకుని నీళ్ళలో కూర్చుని, పళ్ళ మధ్యనుంచి "ఊఁ" అని పల్లవి ఎత్తుకున్నాను. బుడబుడమని బుడగలు! లైను అయిపోయింది. క్వయిర్ అక్క కళ్ళముందు కనపడింది. ఠక్కున ఊపిరి పీల్చాను. రెండో లైను. మళ్ళీ బుడగలు. బాబాయి కేకలు నా పాటలో కలిసి వినపడకుండా పోయాయి. మూడు చరణాలూ పూర్తిచేసి తల ఎత్తేసరికి నడుం లోతు నీళ్ళలో మాస్టారు రెండు చేతులూ పైకెత్తి గంతులేస్తున్నారు. నా పాత పీత మాత్రం ఆ పాట మొదలవగానే వెళ్ళిపోయింది, మళ్ళీ కనపడలేదు (మా క్వయిర్‌లో కూడా నన్ను వెనక వరసలోనే నిలబెట్టేవారు).

మర్నాడు మొదటిసారి దిబ్బ మీదకి దిగాం. ఏం చెప్పను! మా నాన్న నోటుపుస్తకం మీద గీసే గీతల్లాంటి సన్నటి చారల చేపలు, జింక కొమ్ముల్లాంటి పగడాలు, మెదడు ముడతల్లాంటి పగడాలు, వాటిని కరకరమని జంతికల్లా నమిలేస్తున్న చిలక చేపలు. ఆ నమిలే చప్పుడు నిజంగా చెవులకి వినపడుతుంది. పరీక్షలో పది మార్కులకి రాసిన జవాబంతా కళ్ళముందు కదులుతోంది. నేను ఆపకుండా పాడుతూనే ఉన్నాను. ఆ చేపలకి మా తిరువూరు సంఘం పాటలు అన్నీ వచ్చేసి ఉంటాయి.

ఇక మిగిలింది ఈత పరీక్ష. పదో రోజు పొద్దున్నే, చెప్పాపెట్టకుండా ప్రాజెక్టు మేడం దిగారు. "అమ్మాయి ఎలా ఈదుతుందో నేనూ చూస్తాను" అని పడవెక్కారు. మాస్టారుని పక్కకి పిలిచి అసలు సంగతి చెప్పేశాను. "మేడం గారితో బాగా ఈత వచ్చని అబద్ధం చెప్పానండి. ఇప్పుడు మళ్ళీ పడవ చుట్టూ తిరిగితే పంపించేస్తారు. ఊళ్ళో అందరూ ప్రార్థన చేసి మరీ పంపారు సార్" అన్నాను. ఆయన ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. "నువ్వు సెప్పాలేటి, మొదటి దినమే తెలిసింది" అని, కాసేపు నీళ్ళకేసి చూసి, "నూతిలో గోడ నీకు ఎటు పక్కుండేది?" అని అడిగారు. "ఎడమ పక్కండి." "సరే, నానే గోడ. పద" అన్నారు.

తాడు కొలిచి, మధ్యలో ఒక డబ్బా, దాని చుట్టూ ఆరున్నర మీటర్ల దూరంలో నాలుగు డబ్బాలు తేల్చారు. లెక్క నేనే చేశాను (లెక్కల మాస్టారి కూతుర్ని కదా). ఒక చుట్టు నలభై మీటర్ల పైచిలుకు, అయిదు చుట్లకి రెండు వందల నాలుగు. నేను డబ్బాల వెలుపల వారగా ఈదుతుంటే, నాకు ఎడమ పక్కన, చెయ్యి చాపితే తగిలేంత దూరంలో మాస్టారు ఈదారు. ఒక్కసారి కూడా నన్ను తాకలేదు, తాకితే పరీక్ష చెల్లదు. "గోడిక్కడే ఉందమ్మీ, గోడిక్కడే ఉంది" అంటూ యాభై ఏళ్ళ మనిషి ఆయాసపడుతూ అయిదు చుట్లూ నా పక్కనే వచ్చారు. మూడో చుట్టులో చేతులు పడిపోతున్నాయనిపించింది. ఆయన మాట వింటుంటే ఆగాలనిపించలేదు. అయిదోది పూర్తయింది.

మేడం నొసలు ముడివేశారు. "ఇదేం ఈత?" అన్నారు. మాస్టారు పడవ అంచు పట్టుకుని రొప్పుతూనే జవాబిచ్చారు. "రూల్లో రెండొందల మీటర్లనుంది మేడం. తిన్నగా అని లేదు." "కానీ సర్వేలో నేల మీద కొలత టేపు పరిచి, దాని వెంట తిన్నగా వెళ్తూ పగడాలు లెక్కపెట్టాలి. ఈ అమ్మాయి వంకర పోతే లెక్కంతా తప్పు కదా!" అన్నారావిడ. మాస్టారు తొణకలేదు. "టేపుంటాది గదండీ. ఈ పిల్లకి ఎడమ పక్కన టేపెయ్యండి, పోర్ట్ బ్లెయిర్ దాకా తిన్నగా ఎలిపోతాది" అన్నారు.

మధ్యాహ్నం ముగ్గురం దిగాం. మేడం దిబ్బ మీద ఇరవై మీటర్ల టేపు పరిచి నాకు నీళ్ళలో రాసే పలకా పెన్సిలూ ఇచ్చారు. టేపుని ఎడమ పక్కన పెట్టుకుని, పాట ఎత్తుకుని బయల్దేరాను. జింక కొమ్ము పగడం, మెదడు పగడం, చచ్చిపోయిన పగడం, మళ్ళీ జింక కొమ్ము. వంపు లేదు, వంకర లేదు. చివరికొచ్చి పలక అందించాను. మేడం దాన్ని పైనుంచి కిందిదాకా చూసి, వెనక్కి తిప్పి, పెన్సిలుతో "ఉద్యోగం నీదే" అని రాసి నా కళ్ళముందు పెట్టారు. మాకు నేర్పిన సైగల్లో గాలి అయిపోతోందనడానికి సైగ ఉంది, సొరచేప వచ్చిందనడానికి సైగ ఉంది, కృతజ్ఞత చెప్పడానికి ఏ సైగా లేదు. నేను మాస్టారు వైపు తిరిగి, రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాను. చేతులు ఆడించడం మానేసరికి ఒళ్ళు అదుపు తప్పి మెల్లగా తలకిందులయ్యాను. తలకిందులుగానే చేతులు విడదీయకుండా ఉండిపోయాను. మాస్టారు బుడగలు బుడగలుగా నవ్వుతూ వచ్చి, నా భుజం పట్టి తిన్నగా నిలబెట్టి, తను కూడా దణ్ణం పెట్టారు.

మూడేళ్ళు చేశాను ఆ ఉద్యోగం. ప్రాజెక్టు అయిపోయాక తిరిగొచ్చి, నాన్న కోరినట్టే చదువు చెప్పుకుంటున్నాను. తిరువూరులో ఇంటర్ పిల్లలకి పగడాల పాఠం వచ్చినప్పుడల్లా గంట సరిపోక తర్వాతి క్లాసు మేడం తలుపు దగ్గర నిలబడి గొణుగుతుంది. ఆ మూడేళ్ళలో మాస్టారు నేర్పిన ఈతతో ఆ తర్వాత ఎన్నో చోట్ల ఈదాను, తిన్నగానే ఈదాను. మొన్న మా ప్రిన్సిపాల్ గారు పిలిచి "మేడం, పిల్లల్ని కొండల్లో నాలుగు రోజుల క్యాంపుకి తీసుకెళ్ళాలి. మీకు కొండెక్కడం వచ్చా?" అని అడిగారు. "రాదండి" అన్నాను. నిజమే చెప్పాను. ఈ వయసులో నేను ఎప్పుడూ నిజమే చెప్తాను. వరండాలోకి వచ్చి నాలుగడుగులు వేశాక ఆ ఇరవై మూడేళ్ళ పిల్ల గుర్తొచ్చి నవ్వొచ్చింది. అది అయితే "వచ్చండి" అనేది.